చందా ఆగితే ఏం ఆగాలి?

2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. ఆపైన ఇంకో ఏడాది భద్రతా అప్‌డేట్లు కావాలంటే ఇంటి కంప్యూటరుకి 30 డాలర్లు కట్టాలి, లేదా మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగులు వాళ్ల క్లౌడ్‌లో పెట్టాలి అన్నారు. సంస్థలకైతే కంప్యూటరు ఒక్కింటికి మొదటి ఏడాది 61 డాలర్లు, రెండో ఏడాది 122, మూడో ఏడాది 244. విండోస్ 11కి మారదామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, కొత్త తరం ప్రాసెసరు ఉండాలి. అవి లేని కంప్యూటర్లు, ఇంకా బాగా పనిచేస్తున్నవే, కోట్లకొద్దీ ఉన్నాయి. ఒకేసారి డబ్బిచ్చి తెచ్చుకున్న సరుకు పదేళ్లు తిరిగేసరికి చందా సరుకైంది.

ఇది దోపిడీ అని కొందరంటున్నారు. కలకాలం ఉచితంగా రిపేరు ఎవరు చేస్తారని ఇంకొందరు అడుగుతున్నారు. నేను అడిగేది ఒక్కటే: డబ్బు కట్టడం ఆపిన రోజున ఏం ఆగుతుంది?

రెడ్ హ్యాట్ సంస్థ ఇరవై ఏళ్లకు పైగా తన లినక్స్‌ను చందా మీదే ఇస్తోంది. గడువు తీరితే కొత్త అప్‌డేట్లు రావు, ఫోను చేస్తే పలికే ఇంజినీరు ఉండడు. సర్వరు మాత్రం నడుస్తూనే ఉంటుంది. మైక్రోసాఫ్ట్ 365కి చందా ఆపితే వర్డ్ ఫైలు తెరిచి చదవగలం, అందులో అక్షరం దిద్దలేం. 2021లో వచ్చిన విండోస్ 365 వీటన్నిటికంటే ముందుకెళ్లింది. దాంట్లో ఆపరేటింగ్ సిస్టమ్ మన బల్ల మీద ఉండదు, ఎక్కడో డేటా సెంటర్లో ఉంటుంది. చందా ఆగిన కొద్దిరోజులకు మన కంప్యూటరే ఉండదు. మొదటి రకం చందా మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. పని చేసిన మనిషికి జీతం ఇవ్వాలి కదా. మూడో రకం మామూలు జనం కంప్యూటర్లలోకి రాకూడదని గట్టిగా కోరుకుంటున్నాను.

ఎందుకో తెలియాలంటే మన ఊళ్లలో డీటీపీ షాపులు చూడాలి. పెళ్లి కార్డులు, కరపత్రాలు, బడి పరీక్ష పేపర్లు, కవుల సొంత ప్రచురణలు అన్నీ అక్కడే తయారవుతాయి. ముహూర్తాలున్న నెలల్లో రాత్రింబవళ్లు పని. ఆషాఢం వచ్చినా మూఢం వచ్చినా బేరాల్లేక కూర్చోవాలి. చేతిలో నాలుగు డబ్బులున్నప్పుడు కొనుక్కుని, లేనప్పుడు ఉన్నదాంతో నెట్టుకొచ్చే బతుకులివి. ఒకసారి కట్టే లైసెన్సు వాళ్లకిచ్చేది ఆ వెసులుబాటే: మళ్లీ ఎప్పుడు ఖర్చుపెట్టాలో తేల్చుకునేది వాళ్లే.

అక్కడ ఇప్పటికీ కనిపించే పేజ్‌మేకర్ 7 అడోబీ 2001లో తెచ్చింది. ఆ తర్వాత దానికి కొత్త వెర్షనే రాలేదు. అయినా అను ఫాంట్లతో కలిపి దాన్ని మనవాళ్లు వదల్లేదు. తెలుగులో యూనికోడ్ వాడుకలోకి రాకముందు, వచ్చిన చాలాకాలం తర్వాత కూడా, తెలుగు పుస్తకాలు ఎన్నో ఈ జోడీ మీదే పేజీలు కట్టుకున్నాయి. 2013లో అడోబీ తన సాఫ్ట్‌వేర్లను చందాకి మార్చింది. పేజ్‌మేకర్ కూడా మొదటినుంచీ చందా సరుకే అయివుంటే, కంపెనీ దాన్ని వదిలేసిన రోజునే ఆ ఫైళ్లన్నీ మూతబడేవి. పాత పుస్తకం రెండో ముద్రణకి మళ్లీ మొదటి అక్షరం నుంచి టైపు చేయించుకోవాల్సి వచ్చేది. కింద నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌కీ ఇదే వర్తిస్తుంది. అది ఆగితే దానిమీద ఉన్నవన్నీ ఆగుతాయి.

ఆ షాపుల్లో చాలాచోట్ల నడిచేవి దొంగ కాపీలే. అది చెప్పకుండా ఈ వాదన చేయకూడదు. నెలకి కొద్దిమొత్తమైతే వాళ్లూ సక్రమంగా కడతారని చందా వైపువాళ్లు అంటారు. అందులో కొంత నిజముంది. కానీ 2021 అక్టోబరు 1న ఆటో డెబిట్ మీద రిజర్వు బ్యాంకు కొత్త నిబంధన అమల్లోకి వచ్చినప్పుడు ఏమైందో గుర్తుందా? ఖాతాలో డబ్బుండీ ఎందరికో చెల్లింపులు ఆగిపోయాయి. సినిమాల యాప్ ఆగితే వారం ఓర్చుకోవచ్చు. ముహూర్తాల వారంలో కంప్యూటరే తెరుచుకోకపోతే ఆ ఇల్లు ఎలా గడుస్తుంది?

భద్రత సంగతి వేరే లెక్క. 2017 మేలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకినప్పుడు బ్రిటన్ ఆసుపత్రుల్లో అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. విండోస్ ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8నే ముగిసినా, ఆ వారం మైక్రోసాఫ్ట్ దానికి కూడా సవరణను అందరికీ ఉచితంగా ఇచ్చింది. మంచి పని చేసింది. ఒకరి కంప్యూటర్లో ఉన్న లొసుగు నెట్‌వర్క్‌లోని పదిమందికీ ముప్పేనని అప్పుడు ఒప్పుకున్నట్టే కదా. ఆ లొసుగు కొన్నవాడు పెట్టింది కాదు, తయారీలోనే ఉంది. బ్రేకుల్లో తయారీ లోపం బయటపడితే కారు కంపెనీ బండిని వెనక్కి పిలిచి సొంత ఖర్చుతో బాగుచేస్తుంది. కోడ్‌లో లోపానికి మాత్రం కొన్నవాడు మళ్లీ డబ్బు కట్టాలా?

ఇంజినీర్ల జీతాలు ఎక్కణ్ణుంచి వస్తాయంటే, మొదటి ధరలోనే కలపమంటాను. ఎన్నేళ్లు సవరణలిస్తారో ఆ తేదీ అమ్మే రోజునే చెప్పమంటాను. కొత్త హంగులకు చందా పెట్టుకోండి, కావాల్సినవాళ్లు కడతారు. ఐరోపా సమాఖ్య ఈ దారే పట్టింది. 2024 డిసెంబరులో అమల్లోకి వచ్చిన సైబర్ రెసిలియన్స్ చట్టం కింద, మామూలుగా కనీసం ఐదేళ్లు, భద్రతా అప్‌డేట్లు ఉచితంగా ఇవ్వాలి. దాని ప్రధాన నిబంధనలు 2027 డిసెంబరు 11 నుంచి వర్తిస్తాయి.

మనకీ ఒక ఆధారం ఉంది. 2004లో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మధ్య కేసులో, రెడీమేడ్‌గా అమ్మే సాఫ్ట్‌వేర్ సరుకేనని, దానిమీద అమ్మకం పన్ను వేయవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. పన్ను దగ్గర సరుకైనది లోపం దగ్గర ఎందుకు కాకూడదు? 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ తెచ్చిన రిపేరు హక్కు పోర్టల్‌లో ట్రాక్టర్లకీ ఫోన్లకీ చోటుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌నీ అందులో ఒక అంశంగా చేర్చాలి.

చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ బడులకీ ఆఫీసులకీ కంప్యూటర్లు కొంటూనే ఉంటాయి. ఆ టెండర్లలో రెండు ప్రశ్నలు చేర్చమని ఐటీ శాఖలను కోరుతున్నాను. భద్రతా అప్‌డేట్లు ఏ తేదీ దాకా, ఇంకో రూపాయి అడగకుండా వస్తాయి? చెల్లింపు ఆగినా ఈ యంత్రం తెరుచుకుని తన ఫైళ్లు తాను చూపించి, దిద్దనిస్తుందా? రాతపూర్వకంగా జవాబివ్వని కంపెనీ బిడ్‌ను పక్కన పెట్టాలి.