టంగ్‌స్టన్ దీపాలను అప్పుడే పారేయవద్దు

మా ఫోటోగ్రఫీ క్లబ్బులో ఈ ఏడాది ఒక చర్చ నడుస్తోంది. స్టోర్ రూములో ఉన్న రెండు టంగ్‌స్టన్ హాలోజన్ లైట్లను పాత సామానులో వేసేసి, వాటి స్థానంలో ఫ్లాష్‌లు కొనాలా? వద్దనే మా అభిప్రాయం. ఫ్లాష్ తరువాతైనా కొనుక్కోవచ్చు. కొత్తగా నేర్చుకునేవారికి మాత్రం నిలకడగా వెలిగే దీపమే మంచి గురువు.

ఫ్లాష్ రెప్పపాటు కన్నా తక్కువ సమయంలో మెరిసి మాయమవుతుంది. నీడ ఎక్కడ పడిందో ఫోటో తీశాక గాని తెలియదు. టంగ్‌స్టన్ దీపం అలా కాదు. దాన్ని పక్కకు జరిపితే చెంప మీద ముక్కు నీడ కూడా జరుగుతుంది. గడ్డం కిందికి దించితే ముఖం దెయ్యంలా మారుతుంది. రెండో వైపు తెల్లని థర్మోకోల్ షీటు పట్టుకుంటే చీకటి చెంపకు కాస్త వెలుగు వస్తుంది. ఇదంతా బటన్ నొక్కక ముందే కళ్లకు కనిపిస్తుంది. చాలా స్టూడియో ఫ్లాష్‌లలో సైతం మోడలింగ్ బల్బు ఉండేది ఇందుకే.

పుస్తకంలో చదివిన భౌతికశాస్త్రం కూడా ఇక్కడ ఎదురుగా కనిపిస్తుంది. దీపాన్ని 1 మీటరు నుంచి 2 మీటర్ల దూరానికి జరిపితే ముఖం మీది వెలుగు సగం కాదు, దాదాపు నాలుగో వంతుకు తగ్గుతుంది. ఈ దీపాల వర్ణ ఉష్ణోగ్రత సుమారు 3200 కెల్విన్, పగటి వెలుగుది సుమారు 5500 కెల్విన్. అందుకే వైట్ బ్యాలెన్స్ సరిచేయకపోతే తెల్ల యూనిఫాం పచ్చగా పడుతుంది. కిటికీ తెరిచి ఉంచితే ఒక చెంప పసుపు, ఇంకో చెంప నీలం!

1956లో వచ్చిన సత్యజిత్ రాయ్ సినిమా 'అపరాజితో' కోసం కాశీలోని ఇంటి లోగిలిని స్టూడియోలో సెట్ వేశారు. ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర సెట్ పైన తెల్ల గుడ్డ కట్టి, దీపాల వెలుగు దాని మీద పడి మెత్తగా కిందికి వచ్చేలా చేశారు. అది నిజమైన పగటి వెలుగులాగే కనిపించింది. నిలకడైన దీపాలతో ఎంత సాధించవచ్చో చెప్పడానికి ఇది చాలు.

ఇబ్బందులు లేవని మేము అనడం లేదు. ఈ దీపాలు తీసుకునే విద్యుత్తులో ఎక్కువ భాగం వేడిగా పోతుంది. రెండు 500 వాట్ల బల్బులు గంట వెలిగితే ఒక యూనిట్ ఖర్చు. గుడ్డ, కాగితం దగ్గరగా ఉంటే అంటుకునే ప్రమాదం ఉంది. ఆ వేడిలో చిన్నపిల్లలు కూర్చోలేరు కాబట్టి ఐడీ కార్డు ఫోటోలకు వీటిని వాడకూడదు.

చల్లగా ఉండే ఎల్‌ఈడీ చాలదా అని కొందరు అడుగుతున్నారు. మంచి ప్యానెల్ అయితే చాలు, కానీ ఖరీదెక్కువ. చౌక ఎల్‌ఈడీల వెలుగులో కొన్ని రంగులు తగ్గి, చర్మం పాలిపోయినట్టు వస్తుంది. టంగ్‌స్టన్ వెలుగులో ఎరుపు నుంచి ఊదా వరకు అన్ని రంగులూ తెగకుండా ఉంటాయి. పైగా ఇవి మన దగ్గర ఉన్నవే.

కాబట్టి మా సూచన ఇది. ఉపాధ్యాయుల సమక్షంలో, ఒక్కోసారి పదిహేను నిమిషాలకు మించకుండా ఈ దీపాలతో సాధన చేయిద్దాం. ఒక్క దీపంతో ఒక ముఖాన్ని చక్కగా తీయగలిగినవారికి ఆ తరువాత ఫ్లాష్ ఇద్దాం.

— ఫోటోగ్రఫీ క్లబ్ విద్యార్థులు