ఆపరేషన్‌తో కథ అయిపోతుందా?

పాలకుర్తి అనగానే మనందరికీ చాకలి ఐలమ్మ గుర్తొస్తుంది. నాకు మాత్రం ఈ మధ్య మా చిన్నమ్మ ఎడమ చెయ్యి గుర్తొస్తోంది. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. బతికింది. మొన్న ఊరెళ్ళి చూస్తే ఆ చెయ్యి మొద్దులా వాచిపోయి ఉంది. గాజులు ఎక్కడం లేదు. పత్తి ఏరడానికి పోవడం మానేసింది.

"మంచిగైనవు, ఇంటికి పో అన్నరు బిడ్డా. మళ్ళ ఎప్పుడు రమ్మన్నరో యాదికి లేదు" అంది. కవర్లోంచి తీసిన డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంది. మూడు నెలలకోసారి రావాలని ఒక మూల రాసే ఉంది. రోజూ వేసుకోవాల్సిన టామాక్సిఫెన్ మాత్రలు, ఇచ్చినవి అయిపోగానే ఆపేసింది.

తప్పు ఆమెదేనా?

చంకలోని లింఫ్ గ్రంథులు తీసేశాక చెయ్యి వాచే అవకాశం ఉందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. మొదట్లోనే గుర్తిస్తే వ్యాయామాలతో, బిగుతు తొడుగుతో వాపుని అదుపులో ఉంచొచ్చు. హార్మోన్లకి స్పందించే రకం క్యాన్సర్‌కి టామాక్సిఫెన్ అయిదు నుంచి పదేళ్ళు వాడాలి. మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెట్టే ముప్పు పెరుగుతుంది. అదేం ఖరీదైన మందు కాదు. లక్షలు పోసి వైద్యం చేసిన ప్రభుత్వం ఆ చిన్న మాత్ర దగ్గర చేతులెత్తేస్తోంది!

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేద స్త్రీలకి పెద్దాసుపత్రి తలుపులు తెరిచింది, కాదనను. 2023లో వచ్చిన ఆరోగ్య మహిళ కార్యక్రమం పరీక్షలని ఊరి దగ్గరకి తెచ్చింది. అదే ఏడాది డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సులో టికెట్టూ లేదు. కానీ పోయిన కూలి ఎవరిస్తారు? 2016లో పాలకుర్తి వరంగల్ నుంచి జనగామ జిల్లాలోకి మారింది గానీ, హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి మాత్రం వంద కిలోమీటర్ల అవతలే ఉంది.

వైద్యం ముగిసిన రోగి ఎవరికీ పట్టకుండా పోతోందని అమెరికాలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2006లోనే ఒక నివేదిక అచ్చువేసింది. ప్రతి ఒక్కరికీ తర్వాతి సంరక్షణ ప్రణాళికని రాసివ్వమంది. మనమింకా ఇంగ్లీషు కాగితం దగ్గరే ఉన్నాం.

'వైద్యం అందాల్సిన వాళ్ళకే మంచాల్లేవు, బాగైనవాళ్ళ కోసం డాక్టర్లెక్కడ?' అంటారు. అసలు ఈ పనికి మంచమెందుకు? ఏ లక్షణాలూ లేని స్త్రీకి ఊరికే స్కాన్లు తీయాల్సిన పనిలేదు. అడగడం, చేత్తో పరీక్షించడం, ఏడాదికోసారి మామోగ్రామ్... ఇందులో చాలా భాగం శిక్షణ పొందిన నర్సు చేయగలదు. నెలకొక రోజు జిల్లా ఆసుపత్రిలో ఈ క్లినిక్ పెట్టండి. పీహెచ్‌సీలో టామాక్సిఫెన్ ఉంచండి. డిశ్చార్జప్పుడు తెలుగులో ఒక్క పేజీ రాసివ్వండి. ఏం వాడాలి, ఎప్పుడు రావాలి, ఏం కనిపిస్తే ఆగకుండా రావాలి అన్నది అందులో ఉండాలి. దాని నకలు ఆశా కార్యకర్త దగ్గరా ఉండాలి.

ఇంకో మాట కూడా చెప్పాలి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి రేడియేషన్ తీసుకున్న స్త్రీకి యోని బిగుసుకుపోవచ్చు. దానికి చికిత్స ఉంది. చెప్పేవాళ్ళే లేరు. మొగుడు తిట్టినా, వదిలేసినా ఆమె తన ఖర్మే అనుకుంటుంది. శరీర రాజకీయాల గురించి ఇంత రాసిన మనం, ఈ శరీరం గురించి ఎంత రాశాం? మన కథల్లోనూ క్యాన్సర్ ఆపరేషన్ బల్ల మీదో, చావుతోనో ముగిసిపోతుంది. ఆ తర్వాత బతికే ముప్పై ఏళ్ళూ మనకి కథావస్తువు కాలేదు.

అక్టోబరు రాగానే గులాబి రిబ్బన్లు కట్టి, బతికినవాళ్ళని 'విజేతలు' అంటూ వేదికెక్కిస్తాం. మా చిన్నమ్మకి ఆ బిరుదొద్దు. ఆమె మళ్ళీ పత్తి ఏరగలగాలి. తాను పండించిన గింజ దొర గడీకి చేరకుండా ఐలమ్మ నిలబడి కొట్లాడిన ఊరది. ఆ ఊరి ఆడమనిషి తన చెయ్యి తనకి కావాలని అడిగితే, అది దానం అడిగినట్టు కాదు.