తేడా తేలలేదంటే సమానమని కాదు

జీలుగ కలియదున్నిన మడిలో నత్రజనిని నాలుగో వంతు తగ్గించవచ్చునా? జగిత్యాల-కోరుట్ల దారిలోని మేడిపల్లి వంటి చోట వరి రైతుకు ఇది ఖర్చుతో, దిగుబడితో ముడిపడిన ప్రశ్న. ప్రయోగ నివేదికలోని ‘దిగుబడిలో సార్థకమైన తేడా లేదు’ అన్న వాక్యం విస్తరణ సిబ్బంది నోట ‘తగ్గించినా నష్టం లేదు’గా మారి మడి గట్టుకు చేరుతుంది. ఈ రెండు వాక్యాలు ఒకటి కావు.

ఉదాహరణకు ఏడు చికిత్సలు, నాలుగు పునరావృతాలు గల యాదృచ్ఛిక ఖండ రచనను ఊహిద్దాం. హెక్టారుకు సగటు దిగుబడి 6,000 కిలోలు, విచలన గుణకం 12 శాతం. అప్పుడు క్రిటికల్ డిఫరెన్స్ సుమారు 1,070 కిలోలు. నత్రజని తగ్గించిన మడిలో దిగుబడి 300 కిలోలు తగ్గిందనుకుంటే, అది సార్థకం కాదని పట్టిక చెబుతుంది. అదే తేడాకు 95 శాతం విశ్వాస అంతరం 1,370 కిలోల నష్టం నుంచి 770 కిలోల లాభం దాకా ఉంటుంది. అంటే ఎకరాకు అయిదున్నర క్వింటాళ్ల నష్టాన్ని కూడా ఆ ప్రయోగం తోసిపుచ్చలేదు. ఈ మాట రైతుకు చెప్పకపోతే సలహా అసంపూర్ణం.

ఇదే ప్రయోగంలో నిజమైన తేడా పది శాతం ఉన్నా, అది సార్థకంగా తేలే అవకాశం దాదాపు అయిదింట ఒక వంతే. దీనినే సాంఖ్యక శక్తి అంటారు. ఆ శక్తి 80 శాతానికి చేరాలంటే సుమారు 23 పునరావృతాలు కావాలి. పరిశోధనా స్థానంలో అది సాధ్యం కాదు. చికిత్సలను తగ్గించడం, ఖండాలను నేల తీరును బట్టి అమర్చడం, ఒకటికి మించిన సీజన్ల ఫలితాలను కలిపి విశ్లేషించడం అందుకు మార్గాలు. రైతు పొలాల్లో పక్కపక్కనే జంట మడులు వేసి, ఒక్కొక్క రైతును ఒక్కొక్క పునరావృతంగా తీసుకోవడం మరో మార్గం. జంట తేడాల ప్రామాణిక విచలనం 15 శాతమైతే, పది శాతం తేడాను అదే శక్తితో గుర్తించడానికి సుమారు ఇరవై మంది రైతులు చాలు.

ఈ లెక్కలకు ‘ఆర్’, ‘జీ పవర్’ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. అయితే యంత్రం అడిగిన గడిలో ఏ అంకె వేయాలో అది చెప్పదు. ఒకే మడిలోని నలభై దుబ్బులను కొలిచి ‘ఎన్’ గడిలో నలభై అని నింపితే శక్తి అమాంతం పెరిగినట్లు కనిపిస్తుంది. నిజానికి పునరావృతం ఒక్కటే. విచలన గుణకాన్ని ఊహించరాదు. పొలాస పరిశోధనా స్థానం వంటి చోట్ల ఉన్న పాత ప్రయోగాల నుంచి తీసుకోవాలి. ఫలితం తేలాక, వచ్చిన తేడానే మళ్లీ వేసి శక్తిని లెక్కించే అలవాటు కూడా వ్యర్థం. అది ‘పి’ విలువను మరో రూపంలో చెప్పడమే.

విశ్వాస అంతర సిద్ధాంతాన్ని 1937లో ప్రతిపాదించిన జెర్జీ నేమన్, 1923లోనే వ్యవసాయ క్షేత్ర ప్రయోగాల గణాంకాలపై వ్యాసం రాశారు. పొలంతో ఇంత పాత బంధమున్న ఈ భావన, నేటి వ్యవసాయ సిద్ధాంత గ్రంథాల్లో తరచుగా క్రిటికల్ డిఫరెన్స్ వెనుక దాగిపోతున్నది.

కనుక విద్యార్థి నాట్లకు ముందే మూడు అంకెలు రాసి పెట్టుకోవాలి: రైతు భరించగల నష్టం ఎంత, పాత ప్రయోగాల విచలనం ఎంత, ఆశించే శక్తి ఎంత. కోత తరువాత తేడాను దాని అంతరంతో సహా ప్రకటించాలి. నత్రజని తగ్గించమని సిఫారసు చేయడానికి, ఆ అంతరంలోని గరిష్ఠ నష్టం రైతు భరించగల హద్దు లోపల ఉండాలి. అలా లేనప్పుడు ‘ఇంకా తేలలేదు’ అని రాయడమే శాస్త్రీయ సమాధానం.