రేవున కట్టిన పడవకు కాపలా ఎవరు?

ధాన్యపు కొట్టుకు తాళము వేయుమని మన రైతులకు ఎవరును చెప్పనక్కరలేదు. ఎద్దులను పరాయి ఊరి సంతకు తోలుకొని పోయినవాడు రాత్రి పలుపు చేతికి చుట్టుకొనియే నిద్రించును. కాని పడవ విషయమున ఈ జాగ్రత్త మనకు ఇంకను అలవడలేదు. లంకలో పండిన అరటిగెలలను, కూరగాయలను ఏరు దాటించు రైతు గాని, చేపల జాడను బట్టి ఊరుగాని ఊరి మొగలో లంగరు వేయు మత్స్యకారుడు గాని, చీకటి పడగానే పడవను ఒక మోకుతో గుంజకు కట్టి ఒడ్డెక్కి పోవుచున్నాడు. ఆ మోకును కోయుటకు చిన్న చాకు చాలును.

సొంత రేవులో మన పడవను ఎరిగినవారు పదిమంది ఉందురు. కొత్తవాడు దానిపై చేయి వేసినచో ఎవరో ఒకరు కేక వేయుదురు. పరాయి రేవులో ఏ పడవ ఎవరిదో తెలియదు. ఇంజను విప్పుచున్నవాడు యజమానియో, దొంగయో అడుగు దిక్కు లేదు. ప్రయాణములో చోరీ సులువగుటకు అసలు కారణమిదే.

ఇంజను సాధారణముగా అప్పు చేసి కొన్నదై యుండును. ఇంజను పోయినను వాయిదాలు పోవు. నిన్నటివరకు సొంత పడవపై వేటకు వెళ్లినవాడు రేపు మరియొకని పడవపై కూలికి పోవలసివచ్చును. పడవ చెడ్డవారి చేత పడినచో నష్టము ఒక ఇంటితో ఆగదు. 2008 నవంబరులో ముంబయిపై దాడి చేసిన ఉగ్రవాదులు గుజరాతుకు చెందిన ‘కుబేర్’ అను చేపల పడవను సముద్రములో వశపరచుకొని, దానిమీదనే ముంబయి దరికి చేరిన సంగతి మనము మరువరాదు.

కనుక సోదరులారా, ఈ చిన్న పనులను రేపటికి వాయిదా వేయకుడు. వెనుక పలకకు తగిలించు అవుట్‌బోర్డు ఇంజను రెండు బిగింపు మరల మీద నిలుచును. వాటిని చేతితోనే విప్పవచ్చును. ఆ రెండు మరల పిడులను కప్పు ఇనుప పట్టీ వేసి తాళము బిగించుడు. ఇంజనుకు, పడవకు కలిపి గొలుసు వేయుడు. ఒడ్డుకు పోవునపుడు ఇంధనపు గొట్టమును, ఇంజనును ఆపు తాడును విప్పి వెంట తీసికొని పోవుడు. బ్యాటరీ, వైర్‌లెస్, జీపీఎస్ వంటి తేలిక సరకును పడవలో ఉంచకుడు.

గొలుసు వేయుటలో ఒక మెలకువ కలదు. మొగలలో పోటు, పాటు రోజుకు రెండేసి సార్లు వచ్చును. గొలుసు బిగువుగా నున్నచో నీరు లేచినపుడు పడవ ఒరిగి నీరెక్కును; తగినంత వదులు ఉంచుడు. ఉప్పుగాలికి తాళములు తుప్పు పట్టును గనుక తరచుగా నూనె వేయుడు. తాళపుచెవి ఇద్దరి వద్ద ఉండవలెను. గాలివాన వచ్చిన రాత్రి పడవను వెంటనే విప్పలేకపోయినచో ఆ తాళమే మనకు శత్రువగును.

దొరికిన సొత్తు మనదని రుజువు చేయుటయు ముఖ్యమే. ఇంజను నంబరును, పడవ రిజిస్ట్రేషను నంబరును ఇంట ఒక పుస్తకములో వ్రాసియుంచుడు. ఫొటోలు తీసి, రసీదులు భద్రపరచుడు. వలల అంచున మీ ఇంటి గురుతుగా ఒక రంగుదారము అల్లుడు. బీమా ఉన్నచో అది చోరీకి వర్తించునో లేదో ముందే అడిగి తెలిసికొనుడు.

చోరీ జరిగినపుడు “మన ఊరు కాదు, మన స్టేషను కాదు” అని ఊరకుండువారు పెక్కుమంది కలరు. ఇది తగదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము నేరమెక్కడ జరిగినను ఏ పోలీసు స్టేషనులోనైనను ఫిర్యాదు చేయవచ్చును, ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని ఉచితముగా ఇవ్వవలెను. అత్యవసరమునకు 112 కలదు. చీకటిలో నీటిపై దొంగను ఒంటరిగా ఎదిరింపకుడు. ఇంజను మరల కొనవచ్చును, ప్రాణము కొనలేము.

ఇంత చెప్పినను తాళములు మాత్రమే చాలవని నా అభిప్రాయము. తాళము దొంగను ఆలస్యము చేయును గాని ఆపలేదు. ఆపునది మనిషి కన్ను. ప్రతి రేవులోను వంతు కాపలా ఉండవలెను. వచ్చిన పరాయి పడవ నంబరు, యజమాని పేరు ఒక పుస్తకములో వ్రాసికొనవలెను. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు తూర్పుతీరమున వేట నిషేధ కాలములో ఇంజను పడవలు ఒడ్డుననే ఉండును గనుక అపుడు ఈ కాపలా మరింత అవసరము.

“పరాయివాని పడవకు మేమేల కాపలా కాయవలెను?” అని కొందరు అడుగవచ్చును. మీ పడవయు ఒకనాడు వారి రేవులో రాత్రి గడుపును గదా! అట్లే, రసీదు లేని ఇంజను చవకగా దొరికినదని కొనకుడు. చోరీ సొత్తని తెలిసి కొనుట నేరము. కొనువాడు లేనినాడు దొంగిలించువాడును ఉండడు.

ఈ సాయంత్రమే మీ రేవు పెద్దలతో కూర్చుండి మాటాడుడు. ఒక లాంతరు, ఒక పుస్తకము, వంతుకు ఇద్దరు మనుషులు: ఇంతకు మించిన ఖర్చు దీనికి లేదు.