మంచి బ్యాక్టీరియా అందరికీ మంచిదేనా?

"పెరుగులో ఉండేవేగా, ఏం చేస్తాయిలే!" ప్రోబయోటిక్స్ గురించి మన ఇళ్లల్లో వినిపించే మాట ఇది. విరేచనాలైతే మందుల షాపులో అడిగి ఓ ప్యాకెట్టు తెచ్చుకుంటాం. యాంటిబయాటిక్స్‌తోపాటు డాక్టర్లూ రాస్తుంటారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు వాడితే నాకేం అభ్యంతరం లేదు. మహా అయితే కాస్త కడుపుబ్బరం. కానీ అదే ప్యాకెట్టు ఐ.సి.యు. మంచం దగ్గరికి చేరితే సంగతి వేరు.

2023 అక్టోబరులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అక్కడి డాక్టర్లను హెచ్చరించింది. నెలలు నిండకుండా, కిలో బరువైనా లేకుండా పుట్టిన ఓ బిడ్డకి ఆసుపత్రిలో ప్రోబయోటిక్ పట్టారు. ఆ బిడ్డ రక్తంలో ఇన్ఫెక్షన్ సోకి చనిపోయింది. జన్యు పరీక్ష చేస్తే బిడ్డ రక్తంలోని బ్యాక్టీరియా, ఆ ప్రోబయోటిక్‌లోని బ్యాక్టీరియా ఒకటేనని తేలింది. మేలు చేస్తుందని ఇచ్చినదే ప్రాణం తీసింది.

ఇదెలా సాధ్యం? పేగులో ఉన్నంతసేపు అవి మనకు చుట్టాలే. పేగు గోడ దాటి రక్తంలోకి వచ్చాయా, శత్రువులే. మామూలు మనిషికి ఆ గోడ గట్టిగా ఉంటుంది, దాటివచ్చిన ఒకటీ అరా క్రిముల్ని తెల్లరక్తకణాలు చంపేస్తాయి. నెలలు నిండని బిడ్డకి గోడా పల్చనే, రక్షణా తక్కువే. కీమోథెరపీ తీసుకునేవాళ్లకి, అవయవమార్పిడి చేయించుకున్నవాళ్లకి కూడా ఈ భయం ఉంది.

కొన్ని ప్యాకెట్లలో ఉండేది బ్యాక్టీరియా కాదు, ఈస్ట్. మెడ దగ్గర పెద్ద రక్తనాళంలోకి గొట్టం వేసిన పేషెంటు పక్కన దాన్ని చించితే, పొడి గాల్లోకి లేచి, చేతులకి అంటుకుని, ఆ గొట్టం ద్వారా రక్తంలోకి చేరగలదు. ఆ మందు మింగనివాళ్లకీ ఈ ముప్పు ఉందట! చదివి నేనే నమ్మలేకపోయాను.

నెదర్లాండ్స్‌లో క్లోమగ్రంథి తీవ్రంగా వాచినవాళ్లపై జరిపిన పరిశీలన ఫలితాలు 2008లో వచ్చాయి. ప్రోబయోటిక్స్ ఇచ్చిన 152 మందిలో 24 మంది, ఇవ్వని 144 మందిలో 9 మంది చనిపోయారు. ఇన్ఫెక్షన్లు తగ్గుతాయనే ఆశతో మొదలుపెట్టిన పరిశీలన అది.

అలాగని డాక్టర్లు తెలియక ఇస్తున్నారనుకోకండి. నెలలు నిండని పిల్లల పేగులు కుళ్లిపోయే జబ్బును ఇవి తగ్గిస్తాయన్న ఆధారాలున్నాయి. అందుకే 32 వారాలలోపు పుట్టి తల్లిపాలు తాగే పిల్లలకి ఇచ్చే విషయం ఆలోచించవచ్చని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అందరికీ అలవాటుగా ఇవ్వొద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2021లోనే అంది. ఇక 2017లో వెలువడిన ఒడిశా పల్లెల పరిశీలనలో, పుట్టిన పిల్లల్లో తీవ్ర ఇన్ఫెక్షన్లు, మరణాలు కలిపి 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గాయి. కాకపోతే వాళ్లంతా 2 కిలోలు, ఆపైన బరువున్న పిల్లలు. ఆ ఫలితం చూపించి కిలో బిడ్డకి పట్టేయడం కుదరదు కదా!

మన దగ్గర వీటిలో కొన్ని మందులుగా, కొన్ని ఆహారంగా అమ్ముతున్నారు. కొనేవాళ్లకి ఆ తేడా తెలియదు. పైగా ఆసుపత్రిలో పేషెంటు దగ్గర కూచునేది ఎక్కువగా మనమే. ఇంటినుంచి తెచ్చిన ప్యాకెట్టు సంగతి డాక్టరుకి చెప్పండి. డాక్టరే రాస్తే, "మావాడికి మెడ దగ్గర గొట్టం ఉంది, ఇది ఇవ్వొచ్చా?" అని అడగండి. ఇవ్వమన్నా సరే, ప్యాకెట్టు ఆ గదిలో మాత్రం చించకండి.