రొట్టె కొనుక్కునే రైతులం అయినం

ఇయ్యాల పోస్టు జర పొడుగు. కోపం మీద రాస్తున్న. ముందుగల్ల నా మీద నాకే కోపం.

రెండేండ్ల కింద బిడ్డను చూసొద్దామని పట్నం పోయిన. బస్సు దిగేసరికి ఆకలైంది. రోడ్డు పక్కన ఒకామె జొన్న రొట్టెలు చేస్తున్నది. ఒక్కోటి ఇరవై రూపాయలు. రెండు తిని నలభై ఇచ్చిన. ఆమె కష్టానికి అది ఎక్కువ కాదు. కానీ చెయ్యి కడుక్కుంటుంటె సిగ్గనిపించింది. నాలుగెకరాల నల్లరేగడి ఉన్నోన్ని. మా నాయిన బతికినన్నాళ్లు జొన్నలు కొన్నోడు కాదు. నేను రొట్టె కొనుక్కొని తింటున్న.

"జొన్నకు ధర ఏడున్నదే?" అంటరు మీరు. ఇరవై ఏండ్లు నేను కూడా అదే అన్న. లెక్క చూడండి. 2025-26కు హైబ్రిడ్ జొన్నకు కేంద్రం పెట్టిన మద్దతు ధర క్వింటాల్‌కు 3,699 రూపాయలు, మాల్దండి జొన్నకు 3,749. అంటే కిలో 37 అనుకోండి. కిలో పిండికి పది రొట్టెలైతయి. మనం అమ్మితే 37 రూపాయలు, అవే గింజలు రొట్టెలై మన ముందటికొస్తే 200. అమ్మేటందుకు జొన్న గిట్టుబాటు కాదంటే ఒప్పుకుంట. కానీ ఇంట్ల తినే గింజకు మార్కెట్ రేటు చూసుడేంది? ఇంటి బర్రె పాలు తాగేటప్పుడు డెయిరీ రేటు అడుగుతమా?

1983ల రామారావు కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చిండు. అప్పుడు నేను బడికి పోయే పిలగాన్ని. ఆ బియ్యం మా ఇంట్ల కూడా ఆకలి తీర్చింది, దాన్ని తప్పు పట్టను. తప్పు మనది. అన్నం తినేటోడు ఉన్నోడు, రొట్టె తినేటోడు లేనోడు అని మనమే అనుకున్నం. చుట్టాలొస్తే రొట్టెల గంప దాచిపెట్టి అన్నం వండినం. ఇప్పుడు షుగరొచ్చి డాక్టర్ చెప్పినంక అదే రొట్టెను మందు లెక్క మింగుతున్నం. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అన్నది. సభలు జరిగినయి, ఫొటోలు దిగిండ్రు. మన చేన్లల్ల మాత్రం పత్తే.

రొట్టె మందు కాదు, అది మంచి తిండి. తెల్ల జొన్నది మెత్తగ, పలుచగ వస్తది. నా ఓటు మాత్రం పచ్చ జొన్నకే. పెంక మీద పొంగి, అంచు నిప్పుల మీద జర కాలి, పుంటికూర పప్పుతోని తింటే ఇంకేం అడుగబుద్ధి కాదు. చలికాలం నువ్వులద్దిన సజ్జ రొట్టె, దాని మీద ఇంత వెన్న. పలుచగ కొట్టి ఎండబెట్టిన కడక్ రొట్టె వారం రోజులున్నా పాడుకాదు, పల్లి కారంతోని చేనుకాడికి సద్ది. ప్యాకెట్ పిండితోని ఈ రుచి రాదు. జొన్నపిండి పాతదైతే జిగి పోతది, రొట్టె అంచులు పగులుతయి, చేదు కూడా వస్తది. గిర్నిల పట్టిచ్చిన పది పదిహేను రోజులల్ల తినాలె. ఇంట్ల గింజ ఉన్నోనికే అది సాగుతది.

ఇగ కొందరు మగోళ్లు అంటరు: "ఇప్పటి ఆడోళ్లకు రొట్టెలు చేసుడు బద్ధకం." ఈ మాట అనేటోళ్ల మీద నాకు అన్నిటికన్న ఎక్కువ కోపం. మా ఇంటామె ముప్పై ఏండ్లు పొద్దుగాల్ల నాలుగింటికి లేచి, పొగల కూసొని, రోజుకు ఇరవై రొట్టెలు కొట్టింది. భుజం లేవకుంట అయ్యింది. ఒక్కనాడు కూడా నేను పిండి తడపలే. మా ఇంట్ల రొట్టె బందైంది ఆమె వల్ల కాదు, నా వల్ల. పట్నం నుంచి వచ్చినంక నేనే నేర్చుకున్న. ఉడుకు నీళ్లు పోసి పిండి బాగ పిసుకాలె, అంతా దాంట్లనే ఉన్నది. నా మొదటి రొట్టెను కుక్క వాసన చూసి పోయింది. ఇప్పుడు రోజుకు ఎనిమిది చేస్తున్న. మా ఇంటామె నవ్వుతది, కానీ తింటది. రొట్టె కావాల్నంటే మీరు కూడా పీట ముందట కూసోండి.

ఇప్పుడు అసలు సంగతి. పోయినేడు అర ఎకరం జొన్న ఏసిన. ఊరంతట నాదొక్కటే చేను. ఊర్ల ఉన్న పిట్టలన్నీ నా చేన్లనే పడ్డయి. ఒడిసెల పట్టుకొని మంచె మీద కూసున్నా, డబ్బాలు కొట్టినా ఆగలే. మూడు క్వింటాళ్లు రావాల్సింది ముప్పావు క్వింటాల్ వచ్చింది. చూసి నవ్విండ్రు కొందరు. నవ్వండి. కానీ నేను ఒక్కన్నే ఏసిన కాబట్టి అట్లయింది. మా నాయిన కాలంల పిట్టలు లేకనా? ఊరంత ఏస్తుండె, పిట్టలు తిన్నా అందరికి మిగులుతుండె.

అందుకే అడుగుతున్న. పత్తి ఏసుకోండి, వద్దంటలేను. ఒక్క అర ఎకరం ఇంటికి ఇడిచిపెట్టండి. నలుగురున్న ఇంట్ల ఒక్క పూట రొట్టె తింటే ఏడాదికి మూడు క్వింటాళ్లు చాలు. పది మందిమి ఒక్కదిక్కు, ఒక్క వారంలనే ఏద్దాం. కావలి వంతులేసుకుందాం. చుట్టూత కుసుమ సాళ్లు పెడితే ఆ ముళ్లకు గొడ్లు లోపలికి రావు. పత్తి కట్టె కాలబెడుతున్నం, జొన్న చొప్ప అయితే బర్రెలకు మేతైతది. కంకి పాలు పోసుకున్నంక పిల్లలకు ఊచ బియ్యం. ఇప్పటి పిల్లలు అది తిన్నరా?

బతుకమ్మ పండుగ దాక అదును ఉన్నది. ఆలస్యమైతే మొవ్వు ఈగ పడుతది. నా దగ్గర పచ్చ జొన్న విత్తనం పది కిలోలున్నది. అర ఎకరానికి రెండు కిలోలు సరిపోతది. ఐదుగురికి ఊరికెనే ఇస్త, పంటొచ్చినంక అంతే విత్తనం ఇంకొకరికి ఇయ్యాలె. నేను రాసింది తప్పైతే తిట్టండి, పడుత. కానీ ఈ ఏడు మంచె మీద నన్ను ఒక్కన్నే కూసోబెట్టకండి.