హాలండేజ్: భయపెట్టే పుస్తకాలు, కారణం చెప్పే పుస్తకాలు

పోచ్డ్ గుడ్డు మీద పోసే హాలండేజ్ సాసుకు ముఖ్యమైన సరుకులు మూడే: పచ్చసొన, వెన్న, నిమ్మరసం. ఇంత చిన్న జాబితా చుట్టూ ఇంత పెద్ద భయం పేరుకోవడానికి వంటగది కంటె వంటపుస్తకాలే ఎక్కువ బాధ్యత వహించాలి. 1651లో ఫ్రాన్సులో వెలువడిన లా వరెన్ గ్రంథంలో దీనికి పూర్వరూపమనదగిన సాసు ఒకటి కనిపిస్తుంది. ఆస్పరాగస్ మీదికి వెన్న, వెనిగర్, ఉప్పు, జాజికాయ, చిక్కదనానికి ఒక పచ్చసొన. విరిగిపోకుండా చూసుకొమ్మన్న హెచ్చరిక కూడా అక్కడే ఉంది. ఎందుకు విరుగుతుందో మాత్రం లేదు. తరువాతి పుస్తకాలు చాలావరకు ఆ హెచ్చరికనే వారసత్వంగా స్వీకరించాయి.

మజ్జిగపులుసు కాచే తెలుగు ఇళ్ళకు ఈ భయం కొత్తది కాదు. శనగపిండి కలిపి, సన్నని సెగ మీద, గరిటె ఆపకుండా తిప్పమని తల్లి చెబుతుంది. వేడికి మజ్జిగలోని మాంసకృత్తులు ఒకదానికొకటి అంటుకొని ముద్దకట్టకుండా ఆ పిండి అడ్డుపడుతుందని ఆమె చెప్పదు. చెప్పవలసిన అవసరమూ లేదు, పక్కనే నిలబడి చూస్తూ ఉంటుంది కనుక. పుస్తకం పక్కన నిలబడలేదు. అందుకే అది కారణం చెప్పి తీరాలి.

1961లో జూలియా చైల్డ్, సిమోన్ బెక్, లూయిజెట్ బెర్తోల్ కలిసి వెలువరించిన ‘మాస్టరింగ్ ద ఆర్ట్ ఆఫ్ ఫ్రెంచ్ కుకింగ్’ ఈ విషయంలో పెద్ద ముందడుగు. ఒక పచ్చసొన సుమారు 85 గ్రాముల వెన్నను మాత్రమే ఇముడ్చుకోగలదనీ, కొత్తవారు 57 గ్రాములు దాటకపోవడం మంచిదనీ అది లెక్క కట్టి చెబుతుంది. విరిగిన సాసును నిలబెట్టే ఉపాయమూ ఇస్తుంది: వెచ్చని గిన్నెలో చెంచాడు నిమ్మరసం, విరిగిన సాసు కొద్దిగా వేసి చిక్కబడేవరకు గిలక్కొట్టి, మిగిలినది కొంచెం కొంచెంగా కలపాలి. ఓటమికి కూడా చోటు కేటాయించిన వంటపుస్తకం గౌరవనీయం. అయితే ఆ 85 గ్రాముల హద్దు ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

దానికి సమాధానం వంటకాల జాబితాలో కాక, హెరాల్డ్ మెగీ వ్రాసిన ‘ఆన్ ఫుడ్ అండ్ కుకింగ్’లో దొరుకుతుంది. 1984లో తొలిసారి వచ్చి, 2004లో దాదాపు సమూలంగా తిరగవ్రాయబడిన పుస్తకమది. సొనలోని లెసితిన్, మాంసకృత్తులు కరిగిన వెన్న బిందువుల చుట్టూ పొరలా ఏర్పడి, వాటిని నీటిలో విడివిడిగా తేలేటట్లు ఉంచుతాయి. సొనకు ఆ శక్తి అపారం. తక్కువయ్యేది నీరు. నీరు చాలకపోతే బిందువులు ఒకదానిమీద ఒకటి పడి కలిసిపోతాయి, వెన్న పైకి తేలుతుంది. సెగ మితిమీరినప్పుడు జరిగేది వేరు: సొన గడ్డకట్టి పలుకులవుతుంది, అంటే గుడ్డు పొరటే. చూపుకు రెండూ ‘విరిగిపోవడమే’ గాని రోగాలు రెండు, చికిత్సలూ రెండు. మొదటిదానికి ఒక చెంచాడు గోరువెచ్చని నీరు చాలు. రెండవదానికి పలుకులు వడకట్టి, కొత్త సొనతో మళ్ళీ మొదలుపెట్టాలి. ఈ తేడా తెలియని పాఠకురాలు నీరు పోయవలసిన చోట సెగ పెంచి, ఉన్నదీ పోగొట్టుకుంటుంది.

వెన్నకు బదులు నెయ్యి వాడవచ్చునా అన్నది తెలుగువారికి సహజంగా తోచే సందేహం. వెన్నలో సుమారు 15 శాతం నీరు ఉంటుంది, నేతిలో దాదాపు ఉండదు. కనుక నేతితో చేసిన సాసు త్వరగా గట్టిపడుతుంది, మరొక చెంచాడు నీరు ముందే పోసుకోవాలి. కమ్మగా కాచిన నేతి వాసన నిమ్మరసాన్ని మింగేస్తుందన్నది వేరే సంగతి. నోటికి అది బాగానే ఉంటుంది గాని హాలండేజ్ అనిపించుకోదు.

కారణం తెలిస్తే పని చిన్నదే. రెండు సొనలు, రెండు చెంచాల నీరు ఒక స్టీలు గిన్నెలో వేసి, సన్నగా కాగే నీళ్ళ గిన్నె పైన, అడుగు నీళ్ళకు తగలకుండా నిలిపి, చిక్కని నురుగయ్యేవరకు గిలక్కొట్టాలి. తరువాత 115 గ్రాముల కరిగిన వెన్న, మొదట చుక్కలుగా, ఆపైన సన్నని ధారగా. చివర నిమ్మరసం, ఉప్పు, చిటికెడు కారం.

ఇంట్లోనే ఎందుకు చేసుకోవాలన్న ప్రశ్నకు 2000లో వచ్చిన ఆంథొనీ బోర్డేన్ ‘కిచెన్ కాన్ఫిడెన్షియల్’ను మించిన జవాబు లేదు. ఆదివారపు బ్రంచ్ హాలండేజ్ గోరువెచ్చగా గంటల తరబడి నిలవ ఉంటుందనీ, బాక్టీరియాకు అంతకంటె ఇష్టమైన చోటు ఉండదనీ వంటవాడుగా అతడు నిర్మొహమాటంగా వ్రాశాడు. బాగా వేడిచేస్తే సాసు విరుగుతుంది, చల్లబరిస్తే గడ్డకడుతుంది. ఎవరైనా వచ్చేవరకు కాచుకొని ఉండవలసిన హోటలుకు మధ్యేమార్గమే గతి. ఇంట్లో అయితే తినేవారే బల్ల దగ్గర కూర్చుని సాసు కోసం ఎదురుచూడగలరు. ఇది తెలిసీ, ముందే చేసి ఫ్లాస్కులో పోసి ఉంచుకొమ్మని సలహా ఇచ్చే వంటరచయితలను క్షమించడం కష్టం.

ఇంకొక మాట ఈ పుస్తకాలలో తరచు చిన్న అక్షరాలలో పోతుంది. గుడ్డు వంటకాలను 71 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేయమని అమెరికా ఆహార శాఖల సలహా. హాలండేజ్ సాధారణంగా ఆ మెట్టుకు కాస్త కిందే సిద్ధమవుతుంది. గర్భిణులు, పసిపిల్లలు, ఇండియా నుంచి వచ్చిన వృద్ధ తల్లిదండ్రులు బల్ల చుట్టూ ఉన్నప్పుడు అక్కడ పాశ్చరైజ్ చేసిన గుడ్లు కొనడమే న్యాయం. బ్రిటనులో లయన్ ముద్ర ఉన్న గుడ్లను గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు కూడా సగం ఉడికినవిగా తినవచ్చునని 2017లో అక్కడి ఆహార ప్రమాణాల సంస్థ ప్రకటించింది. వంటపుస్తకం ఏ దేశంలో అచ్చయిందో, ఏ సంవత్సరంలో అచ్చయిందో ముందు పేజీలు తిప్పి చూసుకోవడం, ఈ ఒక్క సాసు విషయంలోనైనా, వెన్న తూచడమంత అవసరం.